సాఫ్ట్‌బాల్‌కి తొమ్మిదో మనిషి

ఆ కాలంలో మస్కట్ పక్కన రూవీలో శుక్రవారం సెలవు ఉండేది గాని, ఆ సెలవుతో ఏం చెయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు. టీవీ సాయంత్రం దాకా మొదలయ్యేది కాదు, మొదలయ్యాక అర్థమయ్యేది కాదు. చుట్టూ గోధుమరంగు కొండలు, వాటి మధ్య కంపెనీ కట్టిన రెండంతస్తుల క్వార్టర్లు, నీళ్ల ట్యాంకరు కోసం వరసలో కూర్చున్న బకెట్లు. ఇదీ మా లోకం. నాన్నగారు ఆ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఆయన కాగితం మీద రోడ్లు గీసేవారు, ఎవరో వెళ్లి వాటిని కొండల్లో వేసేవారు. నాకు అప్పుడు పన్నెండేళ్లు. చెప్పుకోడానికి నాకున్న ఘనత ఒక్కటే, కంపెనీ పిల్లల సాఫ్ట్‌బాల్ జట్టులో ఉండడం. (ఘనత అన్నాను గాని, చేరడానికి పరీక్షేమీ లేదు. వచ్చి నిలబడితే తీసుకునేవారు.)

ఆ ఆటను మాకు అంటించింది టోపీ సారు. అమెరికా నుంచి వచ్చిన ఇంజినీరు, స్నానానికి తప్ప టోపీ తీసేవాడు కాదని ప్రతీతి. క్వార్టర్ల వెనక బోడి నేల మీద సున్నంతో గీతలు గీసి, నాలుగు మూలలా సిమెంటు సంచుల్లో ఇసుక నింపి పడేశాడు. ఎదుటివాడు వేసిన బంతిని బ్యాటుతో కొట్టి, ఆ సంచులను తొక్కుకుంటూ ఒక చుట్టు పరిగెత్తి బయల్దేరిన చోటికి రావాలి. మధ్యలో సంచి మీద ఆగొచ్చు, మనకన్నా ముందు బంతి సంచికి చేరితే అవుట్. అంతే ఆట. మొదట్లో పద్దెనిమిది మంది పిల్లలం పోగయ్యాం. మాలో మేమే రెండు జట్లు కట్టి కొట్టుకునేవాళ్లం. తర్వాత ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు. ఇద్దర్ని పెద్ద చదువుల పేరుతో ఇండియా హాస్టళ్లకు పంపేశారు. ఒకడి నాన్నగారికి సలాలా బదిలీ అయింది. ఒకడికి వాళ్లమ్మ శుక్రవారం పొద్దున తలంటి పోసేది, ఆ కుంకుడురసం కళ్ల మంట తగ్గేసరికి మధ్యాహ్నం అయ్యేది. మా జట్టులో బాగా కొట్టే హైదరాబాద్ పిల్లాడు మరో ముగ్గుర్ని వెంటేసుకుని క్రికెట్‌కి వెళ్లిపోయాడు. "వికెట్లు లేవు, ఏం లేవు, ఇదేం ఆట? నేనైతే రాను పో," అని తెగేసి చెప్పాడు. ఇంకో ఇద్దరు ఎందుకు మానేశారో వాళ్లకే తెలియదు. మొత్తానికి ఎనిమిది మందిమి మిగిలాం.

ఒక బుధవారం టోపీ సారు మమ్మల్ని కూర్చోబెట్టి విషయం చెప్పాడు. ఆ స్థలాన్ని లారీలు నిలుపుకోడానికి ఇమ్మని ఆఫీసు వాళ్లు అడుగుతున్నారట. ఈ శుక్రవారం చమురు కంపెనీ క్యాంపు పిల్లలు మనతో ఆడడానికి వస్తున్నారు, ఆఫీసు మేనేజరు కూడా చూడ్డానికి వస్తున్నాడు, గెలవక్కర్లేదు గాని తొమ్మిది మంది కనపడాలి, లేకపోతే ఆటకి తాళమే అన్నాడు. పిల్లలు దొరక్కపోతే ఇంట్లోంచి పెద్దవాళ్లను ఒకర్ని తెచ్చుకోండి, ఆ జట్టు వాళ్లతో నేను మాట్లాడతాను అన్నాడు పాపం.

నేను ఏడుపు మొహంతో ఇంటికొచ్చి చెబితే, అమ్మ మొహం వెలిగిపోయింది. "పోతే పోయిందిలే. శుక్రవారం పొద్దున్నే మేడమీద పిన్నిగారి దగ్గర సంగీతానికి వెళ్దువుగాని," అంది. మేడమీద పిన్నిగారిది రాజమండ్రి. మంచి గొంతు, ఖాళీ ఇల్లు. బాబాయిగారు నెలలో ఇరవై రోజులు నిజ్వా సైట్‌లో ఉండేవారు. ఆవిడ మూడేళ్లుగా క్వార్టర్ల పిల్లలకి సంగీతం నేర్పాలని చూస్తున్నారు. నేనంటారా, స్నానాల గదిలో పాడితే బయట తమ్ముడు తలుపు బాదేవాడు, ఏమైందోనని. ఆ గొంతు వేసుకుని శుక్రవారాలన్నీ చాప మీద మఠం వేసుక్కూర్చోవడం నావల్ల కాదు. ఎలాగైనా తొమ్మిదో మనిషిని పట్టాలి.

గురువారం సాయంత్రం వేట మొదలుపెట్టాను. నాన్నగారు నడుము పట్టుకున్నారు. (అంతకు ముందు దాకా బాగానే ఉంది.) అమ్మ నన్నే కొట్టడానికి బ్యాటు ఇటిమ్మంది. కింది వాటాల్లో నలుగురు తీరిక లేదన్నారు, ఒకరు ఇంట్లోనే ఉండి లేరనిపించారు. ఇక మిగిలింది మేడమీద వాటా ఒక్కటే. సంగీతం తప్పించుకోడానికి సంగీతం పిన్నిగారి తలుపే తట్టేంత తెలివి నాకుండేది.

పిన్నిగారు నా గోడంతా విని, "ఎన్నింటికే పిల్లా?" అన్నారు.

"పొద్దున ఆరింటికండీ."

"పరిగెత్తాలా? ఈ చీరతో నావల్ల కాదు."

"అబ్బే, అక్కర్లేదండీ. కొడితే చాలు," అన్నాను, కళ్లార్పకుండా.

"అంటే మన బిళ్ళంగోడు లాంటిదన్నమాట!"

"అచ్చం అదేనండీ."

"వస్తాను. మరి నువ్వు సోమవారం, బుధవారం సాయంత్రాలు సంగీతానికి వస్తావా?" అన్నారు. శుక్రవారం దక్కించుకోడానికి వారంలో రెండు సాయంత్రాలు ధారపోసి మెట్లు దిగాను. ఏదో గెలిచినట్టే అనిపించింది, లెక్కల్లో నేను మొదట్నించీ అంతే.

శుక్రవారం పొద్దున పిన్నిగారు కొంగు బొడ్లో దోపుకుని, జడ ముడి వేసుకుని దిగారు. టోపీ సారు టోపీ తీశాడు. (మేమందరం మొదటిసారి చూశాం. బట్టతల.) తోలు గ్లవ్ ఇవ్వబోతే, "ఛీ, తోలు! శుక్రవారం పూటా!" అని చెయ్యి వెనక్కి తీసుకుని, వంటింట్లో గిన్నెలు దించే మసిగుడ్డ బయటకు తీశారు. ఆ మసిగుడ్డతోనే రెండు క్యాచ్‌లు పట్టారు. పట్టిన ప్రతిసారీ వేడి గిన్నె దించినట్టు బంతిని జాగ్రత్తగా నేల మీద పెట్టేవారు. నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చి మా సైట్‌లో పనిచేసే అన్నలు పదిమంది, ఆ రోజు డ్యూటీ లేక, లారీ నీడలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. మేనేజరు కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నాడు.

ఆఖరి వంతు మాది. మేం ఒక్క పరుగు వెనక ఉన్నాం. మూడో సంచి మీద నేను, రెండో సంచి మీద ఇంకో అమ్మాయి. ఇద్దరం చుట్టు పూర్తిచేస్తే గెలుపు మాదే. ఆఖరున బ్యాటు పట్టుకున్నది పిన్నిగారు. బంతి వచ్చింది. పిన్నిగారు కాస్త వంగి, కింద నుంచి పైకి ఒక్కటి వేశారు. అది అందరి నెత్తుల మీద నుంచీ పోయి నీళ్ల ట్యాంకరు దగ్గర పడింది. అలాంటి దెబ్బ ఆ నేల మీద అంతకు ముందు ఎవరూ కొట్టలేదు. టోపీ సారు "రన్! రన్!" అని గంతులేస్తున్నాడు. పిన్నిగారు మాత్రం ఎంతో నింపాదిగా బ్యాటును నేల మీద పరిచి, "ఒకటి," అన్నారు. దాన్ని ముందుకు తిప్పి, "రెండు," అన్నారు.

కొలుస్తున్నారు! బిళ్ళంగోడులో అంతేగా మరి, బిళ్ళ పడ్డచోటి దాకా కర్రతో కొలిచిందే లెక్క. ట్యాంకరు దగ్గర అవతలి జట్టు దొరల పిల్లాడు, తెల్లజుట్టు వాడు, బంతి తీసుకోబోయాడు. "ఒరేయ్! ముట్టుకోకు! కొలవాలి!" అని పిన్నిగారు పై స్థాయిలో అందుకున్నారు. వాడికి తెలుగు రాదు గాని ఆ గొంతు అర్థమైంది, రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయాడు. లారీ నీడలోంచి అన్నలు లేచారు. "అరే, చిర్రగోనె రా బై! అమ్మా, సక్కగ కొలువు, కట్టె జరుగనియ్యకు!" అంటూ (బిళ్ళంగోడుకి వాళ్ల వైపు అదే పేరు) పక్కనే నడుస్తూ అంకెలు అందుకున్నారు. "పదిహేడు! పద్దెనిమిది!"

ఇంతలో నేను చుట్టు పూర్తిచేసి ఉండొచ్చు. పరిగెత్తి, తిరిగొచ్చి, మంచినీళ్లు తాగి, మళ్లీ పరిగెత్తి ఉండొచ్చు. కానీ నేనేం చేశానంటే, సిమెంటు సంచి మీద నిలబడి, గొంతు చించుకుని, "ఇరవై ఆరు! ఇరవై ఏడు!" అని అరుస్తున్నాను. రెండో సంచి మీద అమ్మాయి వేళ్లు మడిచి లెక్క సరిచూస్తోంది. నలభై మూడు దగ్గర ఆ తెల్లజుట్టు పిల్లాడి నాన్న వచ్చి వాడి వీపు తడితే, వాడు ఉలిక్కిపడి బంతిని మొదటి సంచి దగ్గరికి విసిరాడు. పిన్నిగారు అవుట్ అన్నాడు టోపీ సారు, ఆట సమాప్తం.

"నలభై మూడు కొట్టినదాన్ని అవుటంటాడేమిటే ఈయన?" అని పిన్నిగారు బ్యాటు చంకలో పెట్టుకుని నిలదీశారు. "కొడితే చాలన్నావుగా?" నేను వెర్రినవ్వు నవ్వాను. టోపీ సారు కింద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వో ఏడుపో చెప్పలేను. మేనేజరు మాత్రం కుర్చీ విరిగేంతగా నవ్వి, లారీలు వేసవి దాకా ఆగుతాయని చెప్పి వెళ్లాడు.

అలా ఆట బతికింది గాని, ఎంతో కాలం కాదు. వేసవి దగ్గరపడే కొద్దీ ఎనిమిది మందిమి ఆరుగురం అయ్యాం, ఆరుగురం నలుగురం అయ్యాం. ఆఖరి శుక్రవారం వచ్చింది ముగ్గురమే. టోపీ సారు, నేను, పిన్నిగారు. ఎండ ముదిరేదాకా ఒకరు వేసి, ఒకరు కొట్టి, ఒకరు ఏరుకొచ్చాం. మర్నాడు లారీలు వచ్చాయి. నాకు చాలా ఏడుపొచ్చింది. పిన్నిగారి దగ్గర సోమ, బుధవారాల చాప మీద కూడా నేనొక్కదాన్నే ఉండేదాన్ని. గురువుగారూ, శిష్యురాలూ, మధ్యలో ఏడుగురు పట్టే ఖాళీ. ఒక అరగంట స్వరాలయ్యాక, "గొంతు అలిసింది గాని, పద," అని నన్ను డాబా మీదికి తీసుకెళ్లేవారు. అక్కడ అప్పడాల కర్రతో, గుడ్డ బంతితో ఆడుకునేవాళ్లం. ఈసారి ఇద్దరం పరిగెత్తేవాళ్లం.

ఆటను కాపాడడానికి నన్ను నేను బలిచ్చుకున్నానని చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకున్నాను. పిల్లలు రాక దిగులుపడింది ఆ ఊళ్లో టోపీ సారు ఒక్కడే కాదని, నేను ఆవిడని పట్టుకున్నంత గట్టిగా ఆవిడా నన్ను పట్టుకున్నారని, ఆవిడ వయసు నాకొచ్చాక గాని తట్టలేదు. పాపం ఆ పన్నెండేళ్ల త్యాగమూర్తి! సంగీతం శిక్షంటూ ఇంట్లో మూతి ముడుచుకుని బయల్దేరి, వాకిలి దాటగానే మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. ఆ సంగతి ఒక్కసారైనా గమనించుకోలేదు.