ఆ తల్లి వడ్డించిన తీరు

అక్కా, నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఇది ఇవాళే చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

మధ్యాహ్నం మా ఆయన స్నేహితుడు రావుగారింట్లో అందరం వీసీఆర్‌లో ఫ్రెంచి సినిమా చూశాం. బాగా ఆస్తిపాస్తులున్న కుటుంబం. తప్పిపోయిన కొడుకు పన్నెండేళ్ళకు తిరిగొచ్చాడు. తల్లి కావలించుకుని ఏడ్చింది. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు నాకు అందవు కనుక మనుషులనే చూస్తూ కూర్చున్నాను. భోజనం దగ్గర ఆవిడ ఇంకాస్త వడ్డించబోతే అతను వద్దన్నాడు. ఆవిడ మళ్ళీ అడగకుండా గిన్నె పక్కన పెట్టేసింది. పన్నెండేళ్ళకు దొరికిన బిడ్డయితే ఏ తల్లి అలా వదిలేస్తుంది?

నా నోరు ఆగలేదు. “అతను కొడుకు కాదండీ. ఆవిడకీ తెలుసు.”

“ఫ్రెంచివాళ్ళు మనలా కొసరి కొసరి పెట్టరమ్మా,” అని రావుగారు నవ్వారు.

“నీకు అర్థం కాదులే, చూడు,” అన్నారు మా ఆయన. సిగ్గుతో తల దించుకున్నాను.

చివరికి తేలింది. ఆస్తి మరిదికి పోకుండా ఆవిడే ఎవరినో తెచ్చి కొడుకని నమ్మించింది. అందరూ నా వైపు తిరిగారు.

“సబ్‌టైటిల్స్ అన్నీ చదివింది నేను, కనిపెట్టింది నువ్వా?” అన్నారు మా ఆయన.

అక్కా, నువ్వయితే పట్టేదానివా? రాయి. చదివాక దీన్ని పొయ్యిలో పెట్టు. మగవాళ్ళ మధ్య నోరు విప్పానని అమ్మకు తెలియకూడదు. వచ్చే ఆదివారం రావుగారింట్లో ఇంకో సినిమా ఉందట, మళ్ళీ విప్పుతాను.