సాక్ష్యంలో తాగిన మా బాపు

ఆ వీడియో ఇప్పటికీ ఉంది. తీసేద్దామంటే అది నా ఛానల్‌లో లేదు, సువార్త సభలు పెట్టినవాళ్ళ ఛానల్‌లో ఉంది. తెల్ల బూట్లు, మెడలో పెద్ద సిలువ గొలుసు వేసుకున్న ఒకడు మైకు పట్టుకుని, "మా నాయిన పచ్చి తాగుబోతు" అని గొంతు వణికించి ఏడుస్తాడు. వాణ్ణి నేనే. కన్నీళ్ళు కూడా నిజంగానే వచ్చాయి. నాకు అదే మరీ రోత.

మా బాపు జీవితంలో కల్లు కూడా ముట్టలేదు. మా వైపు అది మామూలు సంగతి కాదు. పెళ్ళయినా చావైనా సీసా లేవకుండా గడవని ఊళ్ళు మావి. దావత్‌లో ఆయన ముందు కూల్‌డ్రింక్ పెట్టి బావమరుదులు ఏడిపించేవాళ్ళు, ఆయన నవ్వి ఊరుకునేవాడు. భూపాలపల్లిలో ఒక బడి వ్యాను నడిపేవాడు. పొద్దున పిల్లల్ని ఎక్కించే తల్లులు, "నీ బండైతే మాకు రంది లేదన్నా" అనేవాళ్ళు. ఇంటికొచ్చి ఆ మాట అమ్మకు చెప్పి మురిసిపోయేవాడు.

నేను ర్యాప్ మొదలుపెట్టింది మా చిన్న చర్చిలోనే. ఫోన్లో బీటు వేసి, దావీదు గొల్యాతును కొట్టిన కథ మా యాసలో గబగబా చెప్పేవాణ్ణి. పెద్దలకు మొదట మింగుడు పడలేదు. "దేవుని సన్నిధిల నెత్తిమీద టోపీ ఏంది?" అని సంఘ పెద్ద నా క్యాపు తీయించాడు. ఒక ముసలవ్వ, "పిల్లగాడు ఎవలతోనో కొట్లాడుతున్నడు, జర ఆపుండ్రి" అంది. అయినా కాలేజీ పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళను చూసి బయటి సభలవాళ్ళు నన్ను పిలవడం మొదలుపెట్టారు.

జనగామ సభకు ముందు అక్కడి పాస్టరు అయ్యగారు నన్ను స్టేజీ వెనక కూర్చోబెట్టుకున్నాడు. "పాట మంచిగున్నది తమ్మీ. మరి నీ సాక్ష్యమేంది?" అని అడిగాడు.

సాక్ష్యమంటే దేవుడు మనల్ని ఏ గుంతలోంచి లేపాడో నలుగురి ముందు చెప్పుకోవడం. పాటకు ముందు అది ఉండాల్సిందే. నేను విశ్వాసుల ఇంట్లో పుట్టానని, ఏ చెడు అలవాటూ లేదని చెప్పాను. ఆయన మొహం వేలాడేశాడు.

"గదేం సాక్ష్యం? చీకటి లేకపోతే వెలుగు ఎట్ల కనవడ్తది? నువ్వన్నా తాగి ఉండాలె, మీ నాయినన్నా తాగి ఉండాలె."

ఇక్కడ నా తెలివి చూడండి. అప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు. నేను తాగేవాణ్ణంటే పిల్లనెవరిస్తారు? అందుకని బాపును తాగించాను. ఆలోచించడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.

నోరు తిరిగాక ఇక ఆగలేదు. జనగామలో ఊరికే తాగిన బాపు, మహబూబాబాద్‌కు వచ్చేసరికి అమ్మ పుస్తెలు అమ్మాడు. మహదేవపూర్‌లో ఆమెను కట్టెతో కొట్టాడు. ప్రతిచోటా జనం ఏడ్చారు. మిరపకాయలు ఏరి అటునుంచి అటే సభకు వచ్చిన ఒకామె నా రెండు చేతులూ పట్టుకుని, "ఎంత గోస పడ్డవు బిడ్డా" అంది. ఆమె మోచేతి మీద కాలిన మచ్చ ఉంది. మొగుడి పనే అయ్యుంటుంది. నేను తల వంచి, "అంతా దేవుని కృప అక్కా" అన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను తిడతారు గానీ, నేను ఆ వాసాలే పీకేశాను. ఆ రోజుల్లో నాకు తిండీ నిద్రా బ్రహ్మాండంగా ఉండేవి.

వీడియో వ్యానెక్కే పిల్లల ఇళ్ళకు చేరింది. ఒక తల్లి బిడ్డను ఎక్కించే ముందు బాపు నోటి దగ్గరకు వంగి వాసన చూసిందట. తర్వాత ముగ్గురు పిల్లలు ఆటోలో పోవడం మొదలుపెట్టారు. బడివాళ్ళు ఆయన్ని పిలిచి, "నీ కొడుకుతోనే అది అబద్ధమని చెప్పియ్యి, వారం చూస్తం. లేకుంటే తాళాలు ఇచ్చి పో" అన్నారు.

బాపు నా మీద చెయ్యెత్తలేదు. అన్నం తింటున్నవాడు మధ్యలో చెయ్యి కడుక్కుని అడిగాడు.

"నేనెప్పుడు తాగిన్రా?"

"సభలల్ల గట్లనే చెప్పాలె బాపూ" అన్నాను. అమ్మ నా ముందుకు వచ్చి, "మైకుల చెప్పినవు గద, మైకులనే నిజం చెప్పు. అప్పటిదాంక నా ముందట దేవుని పాట పాడకు" అంది. ఆ ఆదివారమే దంతాలపల్లిలో సభ. అక్కడ చెప్తానని ఒప్పుకున్నాను. బాపు కూడా నాతో బయలుదేరాడు.

మధ్యాహ్నం మైకు నా చేతికి వచ్చింది. ముందు వరుసలో బాపు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ఒళ్ళో బైబిలు. "మా నాయిన..." అని మొదలుపెట్టాను. అంతలో, మేం రాగానే బాపు ఎవరో అడిగి తెలుసుకున్న ఆ జనగామ అయ్యగారే రెండో మైకు అందుకుని, "ఆ నాయిన ఈడనే కూసున్నడు! దేవుడు మార్చిన మనిషి! రా పెద్దమనిషీ, పైకి రా!" అని కేకేశాడు. జనం హల్లెలూయ అన్నారు. కీబోర్డువాడు ఏడుపు రాగం ఎత్తుకున్నాడు. బాపు మెట్లెక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

చెప్పాల్సింది ఒక్క ముక్క. మా బాపు తాగడు. ఎదురుగా ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి. నా పాటలు నోటికొచ్చిన కాలేజీ పిల్లలు నా వైపే చూస్తున్నారు. నిజం చెప్తే వాళ్ళ ముందు దొంగనవుతాను. నోరు తెరిచాను, తెరిచింది తెరిచినట్టే ఉంది. బాపు కాసేపు నా మొహం చూశాడు. తర్వాత నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"తాగేటోన్ని," అన్నాడు. "ఇప్పుడు తాగుత లేను."

చప్పట్లు మోగాయి. అయ్యగారు ఆయన నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నేను పాట అందుకున్నాను. ఛీ, మూడు చరణాలూ పాడాను.

బస్సులో "బాపూ" అని పిలిచాను. "నీళ్ళు తాగు, గొంతు బొంగురువోయింది" అన్నాడు.

ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను చూడకుండా ఆయన్ని అడిగింది.

"చెప్పిండా?"

"చెప్పిండు," అన్నాడు బాపు.

అబద్ధమాడడం చేతకాని మనిషి ఒక్కరోజే రెండుసార్లు ఆడాడు. కొత్త వీడియో బడికి చేరి, ఆయన తాళాలు అప్పజెప్పింది రెండు రోజుల తర్వాత. ఆ పూట మాత్రం అమ్మ నాకు కోడిగుడ్ల పులుసు పోసి, "మంచి పని చేసినవు బిడ్డా" అని నెత్తి నిమిరింది. నేను కడుపునిండా తిన్నాను.