నాలుగు గంటల సింగపూరు

ఆ రోజుల్లో ఫలానా ఊరు ఎంత దూరమని ఎవరైనా అడిగితే నాకు ఎక్కడలేని హుషారు వచ్చేది. పట్నంలోని ప్యారీస్ కార్నర్‌లో విమాన టికెట్లు అమ్మే ఆఫీసులో అప్పుడే గుమాస్తాగా చేరాను. నేను ఎక్కినవాటిలో పెద్దది నెల్లూరు రైలు. అయినా గోడమీది ప్రపంచపటం ముందు నిలబడితే ఖండాలన్నీ మా పెరట్లోవే అన్నట్టు మాట్లాడేవాణ్ణి. ఉద్యోగం పేరిట తిరిగి తిరిగి నడుము అరిగిపోయిన ఈ వయసులో, విమానం మాట వింటేనే ఎక్కడైనా కూలబడాలనిపిస్తుంది.

మా మేనత్తది రాయపురం. సింగపూరులో ఆమె కూతురికి తొలి కాన్పు, నెలలు నిండాయి. నొప్పులు మొదలయ్యేలోగా పక్కన ఉండాలని అత్త ఆరాటం. "ఈడ్నించి ఆడికి ఎంతసేపురా?" అని అడిగింది. "నాలుగు గంటలే అత్తా. ఒక కునుకు తీసి లేస్తే సింగపూరు." "నెల్లూరు బస్సు కన్నా మేలే గదా," అని సంబరపడింది.

చిక్కల్లా ప్రయాణం రోజు మంచిది కాకపోవడం. అందుకు మావాళ్ళ దగ్గర ఒక ఉపాయం ఉంది. ముందురోజు మంచి గడియలో ఒక సంచిని గడప దాటించి ఇంకొకరింట్లో ఉంచితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. దాన్ని ప్రస్థానం అంటారు. (మనిషి ఇంట్లో గుర్రుపెడుతున్నా సంచి మాత్రం దారిలో ఉంటుందన్నమాట.) అత్త సంచి నా చేతికిచ్చి, "వీధి చివరింట్లో పెట్టిరా సామీ," అంది. నేను దాన్ని మాధవరంలో మా పిన్ని ఇంటికి తీసుకుపోయాను. ఆరోజు పిన్ని చేపల పులుసు వండింది. ఇంతకు మించి నా దగ్గర సంజాయిషీ లేదు.

మర్నాడు వాకిట్లో టాక్సీ ఆగాక, "పాస్‌పోర్టు పెట్టుకున్నావా అత్తా?" అని పెద్దరికంగా అడిగాను. "ఆ సంచిలోనే ఉండాదిగా. ఉత్త పసుపూ బియ్యమూ పెడితే అది ప్రయాణం ఎట్లయితాది? పోయి పట్రా." టాక్సీ తలుపు తీసి, ముందు ఎక్కమన్నాను. విమానాశ్రయం ఊరికి దక్షిణాన. అత్తను ఉత్తరాన మాధవరానికి తీసుకుపోయాను. దారిలో పులుసు సంగతి ఒప్పుకున్నాను. తీరా చూస్తే పిన్ని ఇంటికి తాళం. ప్రస్థానం సంచిని ఎవరూ కదిలించకూడదని బీరువాలో భద్రంగా దాచి, పొన్నేరిలో పెళ్ళికి పోయిందట. అత్త అరుగు మీద కూర్చుని చెంగుతో విసురుకుంటూ, "వంజరం చేపా?" అంది. "అవునత్తా." "సెరి," అంది. (అంతకంటే చెంపదెబ్బ నయం.)

పిన్ని తిరిగొచ్చి తలుపు తీశాక, వ్యాసర్పాడిలో లారీల వెనక నిలబడి నిలబడి మీనంబాకం విమానాశ్రయం చేరేసరికి విమానం వెళ్ళిపోయింది. మరుసటి రోజు విమానం ఎక్కించాం గానీ, అప్పటికే అక్కడ పాప పుట్టేసింది. కూతురి చెయ్యి పట్టుకోవలసిన సమయంలో ఆ తల్లి రాయపురంలో నాకు అన్నం వడ్డిస్తూ ఉంది.

అత్త నన్ను ఒక్క మాటా అనలేదు. ప్రయాణం ఎట్లా జరిగిందని అడిగినవాళ్ళతో మాత్రం, "మావోడి లెక్క తప్పు కాదప్పా, నాలుగు గంటలే. నన్ను విమానం కాడికి చేర్చేదానికే రెండ్రోజులు పట్టింది," అనేది.

ఆ పాప ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. అమ్మమ్మను చూడటానికి రేపు వస్తున్నానని ఇందాక నేను అత్త ఇంట్లో ఉండగా ఫోన్ చేసింది. "బాబాయ్, ఎయిర్‌పోర్టు నుంచి రాయపురానికి ఎంతసేపు?" ఆ రోజుల్లో అయితే ఠక్కున చెప్పేవాణ్ణి. "నువ్వు దిగు తల్లీ, నేనొచ్చి నిలబడి ఉంటాను," అన్నాను. మంచం మీద నుంచి అత్త వింటూనే ఉంది.

"రేపు నిలబడాలంటే ఇప్పుడే బయల్దేరు నాయనా," అంది.

నడుము పట్టుకుని లేచి, చెప్పుల కోసం వెతుక్కున్నాను.