బతూల్ కట్టిన వీధి

మా పొయ్యి సందులో పద్దెనిమిది ఇళ్లు. అన్నీ పగుళ్లిచ్చినవే, సగానికి పైగా దూలాల ఆసరాతో నిలబడ్డవే. ఆ సందులో రెండే రెండు గదుల్లో తల్లితో ఉంటూ బతూల్ వారానికో ఇల్లు కట్టేది. నిజంగా కాదు. కంప్యూటర్‌లో, దిమ్మెలు పేర్చే ఆటలో.

సందు చివర రొట్టెల పొయ్యి నాది. పొద్దున్నే ప్రతి ఇంటి నుంచీ పిండి ముద్దలు చెక్క పలకల మీద వచ్చేవి, కాల్చి పంపేవాణ్ని. తామూ వదిన పలకను ఆమె కూతురు బతూలే తెచ్చేది. రొట్టె కాలేదాకా అక్కడే నిలబడి తను కట్టిన ఇళ్లు ఫోన్లో చూపించేది.

“నీకు ముప్పై ఏళ్లు దగ్గర పడ్డాయి, ఇంకా బొమ్మరిల్లేనా?” అని ఎకసెక్కాలాడేవాణ్ని.

“బొమ్మరిల్లు కాదు బూషయిబ్ మామా, మనుషులుండే ఇల్లు. ఈ ఆటలో అందరూ బయటికి కోటలు కడతారు. లోపలికెళ్తే మంచం వేసుకోడానికి చోటుండదు.”

ఇళ్ల పటాలు గీయడం రెండేళ్లు చదివింది. తండ్రి పోవడంతో మానేసి నేలపలకల దుకాణంలో పనికి కుదిరింది. చదువు మధ్యలో ఆగినా చూపు ఆగలేదు. ఏ ఇల్లు మొదలుపెట్టినా ముందు వంట ఎక్కడో చూసేది, ఆ తర్వాతే గోడ. గోడ బల్లపరుపుగా ఉంటే ముఖం కడగనట్టుంటుందని కిటికీని ఒక దిమ్మె లోపలికి జరిపేది. నీడ పడేది, గోడకు ప్రాణం వచ్చేది. ఆ ఆటలో ఇంట్లో చీకటి మూల మిగిలితే రాక్షసులు పుడతారట. మిగతావాళ్లు మూలమూలకీ దీపాలు పెట్టేవాళ్లు. బతూల్ ఇంటి నడుమ పైకప్పు లేని చిన్న మండువా తెరిచి, వెలుతురే నాలుగు గదుల్లోకీ నడిచి వచ్చేలా కట్టేది. గుమ్మం నుంచి లోపలికి దారి వంకర తిప్పేది. రాక్షసుడు తిన్నగా రాలేడు, వీధిలో పోయేవాడి చూపూ రాదు. మా తాతల ఇళ్లు ఎందుకలా ఉండేవో ఆ ఆట చూశాకే నాకు అర్థమైంది. ఒప్పుకోవడానికి సిగ్గేసింది కానీ అదే నిజం.

ఒక ఏడాది ఒక కట్టడాల కంపెనీ మా సందు కొత్తగా కడతామని వచ్చింది. కంపెనీ తరఫున అనువార్ అనే మనిషి నాలుగు కంప్యూటర్లు తెచ్చి మదరసా గదిలో పెట్టాడు. చక్కని చొక్కా, అంతకంటే చక్కని మాట. “మీ ఇల్లు మీరే కట్టుకోండి. మీరు ఆటలో చూపిస్తే మేం సిమెంటుతో కడతాం,” అన్నాడు. ముసలివాళ్లకు ఆట చేతకాదు కదా, వాళ్లు చెప్పింది కట్టిపెట్టడానికి బతూల్‌ను పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి దుకాణంలో సెలవు పెట్టేసి వచ్చింది. అంత సంతోషంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు.

మొదట వచ్చింది ఎంబారక పిన్ని. మోకాళ్లు అరిగిపోయి కర్ర పట్టుకుని నడుస్తుంది.

“నాకు మెట్లొద్దే తల్లీ. ఒక్క మెట్టు పెట్టావా, నా శవాన్ని మోసుకెళ్లేవాళ్లే ఎక్కాలి.”

“మెట్టే లేదు పిన్నీ. ఇదిగో గుమ్మం, ఇదిగో వంట, ఇది మండువా. పక్కనే నీ మంచం.”

“ఆ కిటికీలోంచి తిబారీ పెళ్లాం మా ఇంట్లోకి చూడదు కదా?”

“చూస్తే గోడ కనిపిస్తుంది.”

“అయితే బాగుంది. చూసి చూసి కళ్లు పోతాయి దానికి.”

అందరూ నవ్వారు. అలా రెండు నెలలు నడిచింది. బక్రీదుకు గొర్రెను కట్టేయడానికి చోటు ఒకరికి, బట్టలు ఆరేసుకునే డాబాకు పక్క డాబా చూపు పడని గోడ ఒకరికి. ప్రతివాళ్లకూ బతూల్ నాలుగైదు సార్లు కట్టి, విరగ్గొట్టి, మళ్లీ కట్టింది.

గొడవ గుమ్మాల దగ్గర వచ్చింది. మా పాత ఊళ్లో ఎదురెదురు గుమ్మాలు పనికిరావు. ఒకరి తలుపు తీస్తే ఇంకొకరి ఇల్లు కనబడకూడదు. గుమ్మం చోటు మార్చాలంటే ఎదురింటివాళ్లు ఒప్పుకోవాలి, ఇద్దరు సాక్షుల ముందు కాగితం రాయాలి. హాజీ అల్లాల్ కొత్త గుమ్మం తిబారీ గుమ్మానికి ఎదురొచ్చింది.

“నా ఇంటి ఆడవాళ్లు వీడి ముఖం చూసి రోజు మొదలుపెట్టాలా?” అన్నాడు తిబారీ.

“నా ముఖానికేం, నీ చెప్పులకంటే నయమే,” అన్నాడు హాజీ.

బతూల్ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక గుమ్మాన్ని మూడు దిమ్మెలు పక్కకు జరిపింది. మళ్లీ ఎవరూ పేచీ పెట్టకూడదని మా పద్ధతిలోనే కాగితాలు రాసింది. పైన ఆటలో కట్టిన ఇంటి పటం, కింద ఒప్పుదల, రెండూ కలిపి ఒక గుండుసూది. “సందు కొత్తగా కట్టడానికి, నా గుమ్మం ఇప్పుడున్న చోటి నుంచి తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు.” పద్దెనిమిది ఇళ్లకూ పద్దెనిమిది కాగితాలు. సాక్షులుగా మా సందు ముసలి దర్జీ, నేను. చేతికంటిన పిండి దులుపుకుని మరీ వేలిముద్ర వేశాను, ఒక్కో కాగితం చదివించుకుని.

కాగితాలు చూసి అనువార్ మురిసిపోయాడు. “అసలైనవే ఇవ్వమ్మా, ప్రదర్శనలో పెడతాం,” అన్నాడు. ఆ పిల్ల నమ్మి ఇచ్చేసింది. ఎవరైనా ఇచ్చేవాళ్లే. ప్రదర్శన గొప్పగా జరిగింది. గోడంత తెర మీద మా వీధిలో మేం నడిచాం. తన వంటగది చూసుకుని ఎంబారక పిన్ని ఏడ్చింది. ఫొటోలు తీశారు, బాదం మిఠాయిలు పంచారు.

వానాకాలంలో దర్జీ పోయాడు. ఆ వెనకే నోటీసు వచ్చింది. నలభై రోజుల్లో ఇళ్లు ఖాళీ చేయాలి. ఊరి బయట, క్వారీ అవతల అయిదంతస్తుల బ్లాకుల్లో తలా ఒక ఫ్లాటు. ఒక్కో అంతస్తుకు నాలుగు తలుపులు, ఎదురెదురుగా. ఎంబారక పిన్నికి నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. నోటీసు కింద రాసుంది: నివాసులందరి లిఖితపూర్వక సమ్మతితో.

బతూల్ కంపెనీకి పరిగెత్తింది. అనువార్ కాఫీ తెప్పించాడు.

“ఆ పటాలు అభ్యాసం కోసం తల్లీ. అవి మా లెక్కలోకి రావు. సంతకాలు వస్తాయి.”

“పటానికే కదా సంతకం పెట్టారు! గుండుసూది పెట్టి ఇచ్చాను!”

“మా దస్త్రంలో పటాలేం లేవు,” అన్నాడు.

సందు సందంతా ఆమె మీద పడింది. రెండు నెలలు ఆమె భుజం మీద నుంచి తెర చూస్తూ సలహాలిచ్చినవాళ్లే మాటలన్నారు. “కంపెనీ ఎంతిచ్చిందే నీకు?” అని తిబారీ పెళ్లాం నడివీధిలో అడిగింది. ఆ మాటలు పడలేక తామూ వదిన పలక పంపడం మానేసి పెనం మీదే రొట్టె కాల్చుకుంది. నాకు ఒళ్లు మండింది. అయినా నా పని నేను చేసుకున్నాను.

బతూల్ ఏడుస్తూ కూర్చోలేదు. వకీలును పట్టుకుంది. వకీలు ఒకటే చెప్పాడట: ఇళ్లవాళ్ల మాట చెల్లదు, కాగితాల పైన పటాలుండేవని, ఒప్పుదల గుమ్మాల గురించేనని సాక్షి చెబితే చాలు, కేసు నిలబడుతుంది. బతికున్న సాక్షిని నేనొక్కణ్నే.

“మామా, అబద్ధం చెప్పక్కర్లేదు. జరిగింది చెప్పు చాలు,” అంది.

“వస్తాను. నా వేలిముద్ర నాకు తెలియదా?” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

విచారణకు రెండ్రోజుల ముందు అనువార్ నా పొయ్యి దగ్గరికి వచ్చాడు. కొత్త బ్లాకుల కింద రొట్టెల కొట్టు ఒక్కటే ఉందని, ఇంకా ఎవరికీ రాయలేదని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, “మీ వయసువాళ్లకి పాత సంగతులు గుర్తుండకపోవడం మామూలే. ఎవరూ తప్పు పట్టరు,” అన్నాడు.

నాకు అరవై ఎనిమిదేళ్లు. ఈ చేతులకు ఇంకో పని రాదు. ఇలా నాకు నేను చాలా చెప్పుకున్నాను, ఒక్కటీ నిలబడలేదు. అయినా కోర్టులో జడ్జిగారు కాగితాలు చూపించి, వీటి పైన పటాలు ఉండేవా అని అడిగినప్పుడు, “గుర్తులేదయ్యా,” అన్నాను. రెండోసారి అడిగారు. రెండోసారీ అదే అన్నాను.

బయట మెట్ల మీద ఎంబారక పిన్ని నా చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను.

“పాపం, ఎలాంటివాడివి ఎలా అయిపోయావు నాయనా! పద్దెనిమిది ఇళ్ల పలకలు ఒక్కనాడూ తారుమారు చెయ్యలేదు. మతి తప్పిపోతోంది నీకు. నీదేం తప్పు?” అంది. కళ్లలో నీళ్లు పెట్టుకుంది.

పక్కన బతూల్ ఉంది. నా ముఖంలోకి చూసింది. ఒక్క మాటతో నన్ను అక్కడే బజారుకీడ్చగలదు.

“అవును పిన్నీ, మర్చిపోయాడు,” అని ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

కేసు పోయింది, కొట్టు నాకు వచ్చింది. గ్యాసు పొయ్యి, గాజు తలుపు. మా సందువాళ్లంతా అక్కడే కొంటారు, వేరే దారి లేదు. నాకు మతిమరుపని అందరూ నమ్మారు. నా మీద ఎంత జాలో! “నేను హాజీ అల్లాల్ని, గుర్తుపట్టావా?” అని రోజూ అడుగుతాడు. “తిబారీ పెళ్లాన్ని అన్నయ్యా, మూడో అంతస్తు,” అంటుంది ఆవిడ. ఎంబారక పిన్ని కిందికి దిగలేక, రొట్టెకు ఎవరినో పంపి తన పేరు చెప్పిస్తుంది. అప్పుడే గుర్తొచ్చినట్టు ప్రతివాళ్లకీ తలూపుతాను.

బతూల్ కూడా వస్తుంది. ఆమె మాత్రం తన పేరు చెప్పదు.