కొలతల పుస్తకంలో నల్ల గుర్రం

దర్జీ ధర్మి చదరంగంలో మొదటిసారి గెలిచింది మార్చి నెలలో, ఒక బేస్తవారం మధ్యాహ్నం, నల్ల పావులతో. పదకొండేళ్లు ఓడి ఓడి గెలిచిన గెలుపది.

బాన్సువాడలో ధర్మి గురించి చెప్పుకోవలసినవి ఇంకా ఉన్నాయి. ఇరవై ఆరేళ్లలో అతని దుకాణం మూతపడింది భార్య ప్రేమల పోయినప్పటి పదకొండు రోజులే. బిగుతైందని ఒక్క జాకెట్టూ తిరిగి రాలేదు. బిచ్కుంద నుంచి కూడా పెళ్లిబట్టలు అతని దగ్గరికే వచ్చేవి. అదంతా రెడీమేడ్ దుకాణాలు రాకముందు మాట. ఇప్పుడు బడులు తెరిచే ముందు యూనిఫారాలు, అంతే. మిగతా రోజుల్లో మిషను ఆగితే గోడగడియారం చప్పుడే తోడు.

తప్పకుండా వచ్చే మనిషి ఒక్కడు, సాయిబాబు. కోటగిరి దగ్గర కాలువ కింద వరి పండించే ఆంధ్రా రైతు. లాల్చీ కొలతలివ్వడానికి వచ్చి, బల్ల మీద చదరంగం చూసి కూర్చున్నాడు. అలా పదకొండేళ్లు ప్రతి బేస్తవారం కూర్చున్నాడు. తెల్లవి ఎప్పుడూ అతనివే. గిరాకీ ముందు, దర్జీ తర్వాత. ఆ దుకాణం మర్యాద అది. సాయిబాబు రాజు ముందరి బంటును రెండు గళ్లు తోసేవాడు. ధర్మి ఎదురు బంటు పెట్టి ఓడేవాడు.

"రాజును కాయడం నీవల్ల కాదు గానీ, గుండీలు కుట్టుకోవయ్యా ధర్మీ!"

"గుండీ ఊడితే నా దగ్గర్కే రావాలె గదన్నా!"

చిన్నప్పుడు నాందేడ్‌లో పని నేర్చినవాడు కనుక ధర్మికి మరాఠీ వచ్చు. కిందటేడు ఫోన్‌లో ఒక మరాఠీ మాస్టారి చదరంగం పాఠాలు దొరికాయి. తెల్లవాళ్లు రాజు బంటు తోసినా, మంత్రి బంటు తోసినా, జవాబుగా మంత్రి వైపు నల్ల గుర్రాన్ని దూకించాలి. తెల్ల బంట్లు దాన్ని తరుముతూ పోయి, వెనక ఇల్లు ఖాళీ చేసుకుంటాయి. ఏడు నెలలు ఇదే చదువు. తన చేతినే సాయిబాబు చెయ్యి అనుకుని తెల్ల బంటును తోసేవాడు, నల్లది తాను ఆడేవాడు. ఎత్తులన్నీ కొలతల పుస్తకంలోనే, ఛాతీ ముప్పై ఆరు, నడుము ముప్పై నాలుగుల పక్కన రాసుకున్నాడు. తప్పులను ఎర్ర సుద్దతో కొట్టేశాడు.

మార్చిలో గుర్రం దూకింది. సాయిబాబు మొదట నవ్వాడు. నలభయ్యో ఎత్తుకు తెల్లరాజుకు దారి లేదు. సాయిబాబు తన రాజును తనే పడుకోబెట్టాడు.

"గిరాకీనని ఇన్నేళ్లూ నన్ను గెలవనిచ్చావన్నమాట."

"అయ్యో, లేదన్నా! మొన్నమొన్ననే నేర్సిన."

"జాలిపడి ఆడావు." చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి బేస్తవారం ధర్మి అలవాటుగా రెండు చాయ్‌లు తెప్పించాడు. ఒకటి చల్లారిపోయింది. ఆ తర్వాతి వారం కూడా అంతే. బల్ల మీద పావులు పేర్చుకున్నా ఇప్పుడు సాయిబాబు చెయ్యి ఊహకు రావడం లేదు. గెలిచానని చెప్పుకోవడానికి ఉన్న మనిషీ అతనొక్కడే.

మే నెలలో సాయిబాబుకు ఫోన్ చేస్తే అతని కూతురు మాధురి ఎత్తింది. కోతలయ్యాక సాయిబాబు గుడివాడలో ఆమె ఇంటికి వెళ్లాడు.

"నాన్న ఇంక చదరంగం ఆడరంటండీ. మీ మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నారు."

"ఒక్కమాట చెప్పమ్మా. నేను ఎన్నడు ఇడిసిపెట్టి ఆడలె. నిజంగనే ఓడిన."

"చెప్పానండీ. నమ్మట్లేదు."

జూన్ మొదటి వారం బేస్తవారం నాడు ధర్మి షట్టర్ దించుతుంటే పక్కన గాజుల దుకాణం రోజారాణి బయటికొచ్చింది.

"యూనిఫారాల టైముల దుకాణం బంద్ పెడ్తున్నవా? పిస్స లేసిందా అన్నా?"

"గుడివాడ పోతున్న. గీ పుస్తకం సాయిబాబన్నకు సూపియ్యాలె."

"ఫోటో తీసి పంపరాదే!"

"కొట్టేసి కొట్టేసి కాయితం చిరిగింది రోజా. గది ఆయన చేత్తోని పట్టుకోవాలె. అప్పుడు నమ్ముతడు."

"నమ్మకపోతే?"

ధర్మి కొలతల పుస్తకం, దాని కింద చదరంగం పెట్టె సంచిలో సర్దుకున్నాడు. సుద్ద తీసి పలక మీద రాసి షట్టర్‌కు తగిలించాడు:

"దుకాణం బంద్. కొలతల పుస్తకం నా వెంట ఉన్నది. వచ్చేది జూన్ 9, సోమవారం."