కో అన్నకు అర్థం కాలేదు

కో షుయ్-ము అన్నకు ఏదీ అర్థం కాదు. ఇది నేను వేస్తున్న నింద కాదు, ఆయన ఎప్పుడూ తన నోటితో తాను చెప్పుకునే మాట. మా ఊరు కావోషియుంగ్‌లో వారమంతా ఉద్యోగాలు చేసుకుంటూ, శనివారాలు కెమికల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చదివే మా బ్యాచిలో అందరికంటే పెద్దవాడు ఆయనే. రేవు పక్కన పెట్రోకెమికల్ ప్లాంటులో షిఫ్టు ఇన్‌చార్జి. జుట్టు నెరిసింది, చెయ్యి మాత్రం బడిపిల్లాడిలా ఎప్పుడూ గాల్లోనే ఉండేది. "సార్, నాకు అర్థం కాలేదు" అనకుండా ఆయన ఒక్క శనివారమైనా ఇంటికి వెళ్ళి ఉంటే, ఆ రోజు సెలవై ఉండాలి.

మొదటి క్లాసులోనే మొదలుపెట్టాడు. ప్రొఫెసర్ షీ గారు బోర్డు నిండా సమీకరణాలు రాసి, చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ ఇటు తిరిగారు. షిఫ్టులు చేసి చేసి వాడిపోయిన మొహాలతో మేమందరం గంగిరెద్దుల్లా తలలూపాం. కో అన్న చెయ్యి లేచింది.

"ఎక్కణ్ణుంచి అర్థం కాలేదు?" అన్నారు షీ గారు.

"రెండో లైను నుంచి సార్."

"అంటే మొదటి లైను అర్థమైందన్నమాట."

"అది ఇవాళ్టి తేదీ కదా సార్."

షీ గారు పుస్తకాలు రాసిన మనిషి. చెప్పిన పాఠం మళ్ళీ చెప్పమన్నవాడు ఆయనకు అంతవరకూ తగల్లేదు. మళ్ళీ చెప్పారు. మళ్ళీ చెయ్యి లేచింది. చివరికి విసిగిపోయి, బోర్డంతా తుడిచేసి, ఒకదాని మీద ఒకటి పేర్చిన వెదురు బుట్టల బొమ్మ గీశారు. "మీ ఇంట్లో బన్నులు ఆవిరి మీద వండుతారా? కింది బుట్టలోంచి ఆవిరి పై బుట్టలోకి పోతుందా? డిస్టిలేషన్ టవర్ కూడా అంతేనయ్యా!" అన్నారు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు. అప్పటిదాకా తలలూపిన వాళ్ళందరూ అప్పుడు గబగబా రాసుకున్నారు, నాతో సహా.

ఈ జబ్బు క్లాసుకే పరిమితమైతే బాగుండును. కాలేజీ ఎదురుగా ఉన్న టీ కొట్టులో అందరం చేసే పని ఒకటే, సగం చక్కెర, తక్కువ ఐసు అని చెప్పేసి పక్కకు జరుగుతాం. కో అన్న జరగడు.

"సగమంటే దేన్లో సగం తల్లీ? నాకు అర్థం కాలేదు."

వెనక జనం మూలుగుతున్నారు. స్కూటర్ల మీదవాళ్ళు హారన్లు కొడుతున్నారు. కొట్టులో పిల్ల పాపం ఓపిగ్గా గ్లాసులు వరసగా పెట్టి, ఇది నిండు, ఇది సగం, ఇది పిసరంత అని పోసి చూపించింది. అంతసేపూ బోర్డు వైపు కళ్ళు చికిలించి చూస్తూ, కొనాలా వద్దా అని తటపటాయిస్తున్న ఒక ముసలావిడ, ఓస్ ఇంతేనా అని, ఆ మధ్య గ్లాసు లాంటిది ఇమ్మంది. ఇంత రభసా చేసి కో అన్న ఏం కొన్నాడయ్యా అంటే, చక్కెరే లేని ఉత్త టీ.

ల్యాబులో మొరాయించే యంత్రం ఒకటుంది. బుద్ధిగా ఉంటుందని దాని నెత్తిన, మా ఊళ్ళో అందరూ పెట్టినట్టే, ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టాం. పొట్లం తాజాగా ఉన్నా యంత్రం ఎందుకు అలిగిందో తనకు అర్థం కాలేదని ఆయన షీ గారినే అడిగాడు. షీ గారు పొట్లం అటూ ఇటూ తిప్పి చూసి, ఆ విషయం తనకూ అర్థం కాలేదని ఒప్పుకున్నారు. ఆ రోజు కో అన్న ఎంత సంతోషించాడో చెప్పలేను.

ఇక నా సంగతి. నా పేరు పెయ్-లింగ్. ఇంకో ప్లాంటులో మురుగునీళ్ళు శుద్ధి చేసే విభాగంలో రాత్రనకా పగలనకా షిఫ్టులు. ఈ పట్టా వస్తే డిజైన్ విభాగంలో పగటి ఉద్యోగం ఇస్తానని మేనేజరు మాటిచ్చాడు. అందరిలా రాత్రిళ్ళు పడుకోవడం, అంతే నాకు కావలసింది. నాలుగేళ్ళ గడువులో ఇది ఆఖరి టర్ము. వైవా తప్పానంటే ఇన్ని శనివారాలూ బూడిదలో పోసిన పన్నీరే. నా అసలు చిక్కేమిటంటే, క్లాసులో నాకు నోరు పెగలదు. అర్థం కాకపోతే పెన్నుకు మూత పెట్టేసి కిమ్మనకుండా కూర్చుంటాను. నా అదృష్టం కొద్దీ పక్క సీటు కో అన్నది. నా బండి ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే ఆయన బండీ ఆగేది. నాకు తోడుగా ఇంకో మొద్దు బుర్ర దొరికిందని ఎంత ధైర్యంగా ఉండేదో.

ఆ ధైర్యం వైవా రోజు పొద్దున్నే పోయింది. మా ఇద్దరికీ ఒకే రోజు. పరీక్షకుల కడుపు చూసుకోవలసింది పరీక్షకు కూర్చునేవాళ్ళే కాబట్టి, కో అన్న బాతుమాంసం అన్నం డబ్బాలు, జామముక్కలు, బూడిదగుమ్మడి టీ తెచ్చాడు. ముందు ఆయన వంతు. ఉత్తరాన ఇంకో కాలేజీ నుంచి పరీక్షకుడిగా వచ్చిన ప్రొఫెసర్ గాంగ్ గారి ప్రశ్నలు ఒక్కొక్కటీ గూడ్సు బండంత పొడుగు. షీ గారు ముసిముసిగా నవ్వుతూ, "ఏమయ్యా, అర్థమైందా?" అని అడిగారు.

"అర్థమైంది సార్" అన్నాడు కో అన్న.

గదిలో అందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. ఆయన తడుముకోకుండా జవాబు చెప్పాడు. తరవాతిదానికీ చెప్పాడు. అన్నిటికీ చెప్పాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా తోటి మొద్దు నన్ను ఒంటరిదాన్ని చేసి పోయాడు.

భోజనాలయ్యాక నా వంతు వచ్చింది. మురుగునీళ్ళలోంచి ద్రావకాన్ని ఆవిరితో విడదీసే టవర్ గురించి నేను చెప్పవలసిందంతా చెప్పాను. గాంగ్ గారు కళ్ళజోడు సవరించుకుని, ప్రవేశ ప్రవాహపు ఒడిదుడుకులనీ, నియంత్రణ వ్యవస్థ స్థిరత్వమనీ మొదలుపెట్టి ఎక్కడో ముగించారు. నాకు తలా తోకా తెలియలేదు. చేతులు వాటంతటవే పెన్నుకు మూత పెట్టేశాయి. పరీక్షకులందరూ నా మొహం వైపు చూస్తున్నారు. మూల నిలబడి టీ పోస్తున్న కో అన్న మాత్రం నా చేతి వైపు చూస్తున్నాడు.

టీ కూజాతో సహా చెయ్యి లేచింది.

"సార్, నాకు అర్థం కాలేదు."

"నిన్నెవరడిగారయ్యా?" అన్నారు గాంగ్ గారు. "అయినా పొద్దున ఇంతకంటే కష్టమైనవి చెప్పావుగా."

"అన్నం తిన్నాక నా బుర్ర పని చెయ్యదు సార్."

గాంగ్ గారు ప్రశ్న మార్చి అడిగారు. కో అన్న తల అడ్డంగా ఊపాడు. షీ గారు గొంతు సవరించుకున్నారు. "గాంగ్ గారూ, ఈయనతో నాది నాలుగేళ్ళ అనుభవం. ఆవిరి బుట్టల దాకా దిగొస్తే తప్ప వదలడు."

గాంగ్ గారు నిట్టూర్చి నా వైపు తిరిగారు. "సరేనమ్మా. తుఫాను వచ్చింది. వాననీళ్ళన్నీ వచ్చి నీ టవర్ మీద పడ్డాయి. ఏం చేస్తావు?"

తుఫానా! ఏటా నేను మోకాళ్ళ బూట్లు వేసుకుని చేసే పనే అది. ఎక్కువైన నీళ్ళను ముందు నిల్వ ట్యాంకులోకి ఎలా మళ్ళిస్తామో, టవర్‌కు కొద్దికొద్దిగా ఎలా వదులుతామో, దానికి తగ్గట్టు ఆవిరి ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో గడగడా చెప్పాను. చాలమ్మా చాలని ఆయనే ఆపవలసి వచ్చింది.

ఫలితం తేల్చుకోవడానికి నన్ను బయటికి పంపారు. వసారాలో కో అన్న ఖాళీ డబ్బాలు పేరుస్తున్నాడు.

"అన్నా, ఇన్నేళ్ళూ నా పెన్ను మూత చూసే చెయ్యెత్తావా?"

ఆయన డబ్బాల మీంచి తలెత్తలేదు. "నువ్వేమంటున్నావో నాకు అర్థం కాలేదమ్మాయ్."

తలుపు తెరుచుకుంది. షీ గారు నన్ను లోపలికి పిలిచి, అక్కడక్కడా చిన్న దిద్దుబాట్లున్నాయనీ, పాసయ్యాననీ చెప్పారు. నాలుగేళ్ళలో ఒక్కసారీ లేవని నా చెయ్యి లేచింది.

"సార్, నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్తారా?"

షీ గారు నన్ను చూశారు, నా వెనక గుమ్మంలో నిలబడ్డ కో అన్నను చూశారు. "నీకూ అంటుకుందన్నమాట" అని, నేను పాసయ్యానని ఈసారి నెమ్మదిగా, ముక్కముక్కా విడదీసి చెప్పారు. వెనక్కి తిరిగి చూస్తే, కో అన్న డబ్బాలు పట్టుకుని, అంతా అర్థమైనవాడిలా బుద్ధిగా తలూపుతున్నాడు.