సాక్ష్యం చెప్పాక మానేసిన ముక్కు మందు

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ఆరాధన ముగిసే ముందు సాక్ష్యాలు ఉంటాయి. జ్వరం తగ్గినా, బిడ్డకు ఉద్యోగం వచ్చినా, దేవుడు చేసిన మేలును నలుగురిలో లేచి చెప్పుకోవాలి. చెప్పకపోతే కృతఘ్నత అని నాన్నగారు నేర్పారు. నేను బడి ముఖం చూడలేదు. అక్షరాలైనా, భయభక్తులైనా ఆయన ఇంటి అరుగు మీద నేర్పినవే. అందుకే ముక్కుకి వాసన తిరిగి వచ్చిన నెలలో నేనూ లేచాను.

అంతకుముందు ఆరేడేళ్ళు నాకు ముక్కు ఉందన్న మాటే గాని దానితో పని లేదు. నోటితో ఊపిరి తీసి తీసి తెల్లారేసరికి నాలుక చెక్కలా అయ్యేది. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే కాసేపు దారి తెరుచుకుని, తర్వాత మునుపటికన్నా గట్టిగా మూసుకునేది. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చాను. ఇరుగుపొరుగు వాళ్ళు దుర్మాంసం అన్నారు. ఆ మాట వింటే నా లోపల ఏదో పాపం పెరుగుతున్నట్టు ఉండేది.

అమలాపురంలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మగారు సన్నని గొట్టం పెట్టి తెర మీద చూపించారు. తెల్లగా, నీరు నిండినట్టు, చిన్న తాటిముంజల్లా వేలాడుతున్నాయి.

"ఇది దుర్మాంసం కాదండి. లోపలి పొర ఏళ్ళ తరబడి వాచి ఇలా జారింది. పాలిప్స్ అంటాం. వాసన తెలిసే చోటు బాగా పైన ఉంటుంది. గాలి అక్కడిదాకా పోవట్లేదు" అన్నారు.

స్ప్రేతో కొన్నాళ్ళు చూసి, తగ్గకపోతే ఆపరేషన్ చేశారు. పదకొండో రోజున పొయ్యిలో కొబ్బరి డొక్కల పొగ వాసన తెలిసింది. అది మంచి వాసనేం కాదు. అయినా ఆ పొయ్యి ముందే కూర్చుని స్తోత్రం చెప్పుకున్నాను.

పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుని స్ప్రే కొట్టుకోవాలని డాక్టరమ్మగారు ముందే చెప్పారు. "మేం చేసింది దారి తెరవడమేనండి. జబ్బు గుణం ఒంట్లోనే ఉంటుంది. మందు మానితే మళ్ళీ వస్తాయి."

ఇవన్నీ తెలిసే, ఆ ఆదివారం మాట్లాడుతూ మాట్లాడుతూ, "నన్ను పూర్తిగా బాగుచేశాడండి, ఇక నాకు ఏ మందూ అక్కర్లేదు" అనేశాను. అలా చెప్పమని పాస్టరు అయ్యగారు అనలేదు, ఎవరూ అనలేదు. సంఘమంతా ఆమేన్ అంది. ఇంటికొచ్చి కిటికీలో దువ్వెన పక్కనున్న స్ప్రే సీసాను చూశాను. కొట్టుకుంటే నా మాట అబద్ధం. ఆ మాట నిజం కావాలంటే మానెయ్యాలి. మానేశాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మా ఆయన ముద్ద కలపబోయి ఆగారు.

"ఈ చేప ఎప్పటిదే?"

"పొద్దున్న బుట్టావిడ దగ్గర కొన్నదేనండి."

"కొన్నప్పుడు తెలీలేదు, కడిగినప్పుడు తెలీలేదు, వండినప్పుడూ తెలీలేదా? దీన్ని పిల్లికి పెడితే అది మన మీద కేసేస్తుంది."

ఆయన నవ్వించబోయారు. నేను కంచం మీదికి వంగి పీల్చాను. ఏమీ లేదు. ఒక మెతుకు నోట పెట్టుకుంటే చింతపండు పులుపు తెలిసింది, అంతే.

డాక్టరమ్మగారు మళ్ళీ గొట్టం పెట్టి, తెర నా వైపు తిప్పారు. ఆ ముంజలు మళ్ళీ వేలాడుతున్నాయి.

"స్ప్రే ఎప్పుడు మానేసేరండి?"

"బాగానే ఉంది కదా అని..." అసలు సంగతి నోట రాలేదు.

ఒక వారం మాత్రలు ఇచ్చారు. నాలుగో రోజున సబ్బు వాసన, తడి మట్టి వాసన వచ్చాయి. మాత్రలు అయిపోయిన కొద్ది రోజులకే పోయాయి. ఆ మాత్రలు షుగర్ పెంచుతాయట, నాకు షుగర్ ఉంది కనక మాటిమాటికీ ఇవ్వలేనన్నారు. మళ్ళీ ఆపరేషన్ చేసినా వాసన రావచ్చు, రాకపోవచ్చు, ఆశ పెట్టి పంపలేనన్నారు. నిజం చెప్పినందుకు దణ్ణం పెట్టి వచ్చాను. ఇంటికి తిరిగి వస్తూ రాజోలు దాకా బస్సులో కిటికీ పక్కనే కూర్చున్నాను. దారిలో ఏ ఊరి గాలీ నాకు తెలియలేదు.

ఆ వారమే సంఘంలో వెనక వరుసలో కూర్చునే ఒకావిడ ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర ఆపింది. నాకన్నా చాలా చిన్నది.

"అక్కగారూ, నాకూ ఆ ముక్కు జబ్బేనండి. మీ సాక్ష్యం విన్నాక నేనూ స్ప్రే పక్కన పెట్టేసేనండి. ఇంకా తగ్గలేదు. నా విశ్వాసంలో ఏదన్నా లోపం ఉందంటారా?"

"లోపం నీది కాదమ్మా. నేను చెప్పింది తప్పు. ఇవాళే మళ్ళీ మొదలుపెట్టు" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అంది గాని, నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది. సంఘమంతా ఆమేన్ అన్న మాటను గుమ్మం దగ్గర చెరపడం నా వల్ల కాలేదు.

తర్వాతి మొదటి ఆదివారం మళ్ళీ లేచాను. జబ్బు తిరిగి వచ్చిందని, దేవుడు మాట తప్పలేదని, ఆయన అనని మాట నేను అన్నానని, మందు మానింది నేనేనని, ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టానని చెప్పాను. ఎవరూ ఆమేన్ అనలేదు. అయ్యగారు మెల్లగా "కూర్చోండమ్మా" అన్నారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఆ చిన్నావిడ వచ్చింది.

"రోజూ కొట్టాలాండి?"

"ఆయ్. రోజూ, రెండు పూటలా."

"మీరు మళ్ళీ మొదలెట్టేరు కదండీ. వాసన వచ్చిందా?"

"లేదమ్మా. ఇక రాదనే అనుకుంటున్నాను. నువ్వు మాత్రం మానకు."

ఆమె తల ఊపింది. రోజూ, రెండు పూటలా అని తనలో తను అనుకుంటూ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.